ఉంగరం చీలితే ఆ గొట్టం వద్దు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది, జీపు మీద గూడుకు ఏ రంగు వేస్తే బాగుంటుందని. రెండోది, ఎన్ని రోజుల్లో అయిపోతుందని. ఏ ఇనుము వేయాలని అడిగినవాడు ఈ మధ్య ఒక్కడూ కనపడలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నచ్చనివాళ్ళు చదవొద్దు, నాకేమీ నష్టం లేదు. పనిచేసినన్నాళ్ళూ నన్ను మొండివాడన్నారు, నోటి దురుసువాడన్నారు. రెండూ నిజమే. కానీ నేను కట్టిన గూడు కింద మనిషి చావలేదు. ఒకడి భుజం మాత్రం విరిగింది. ఆ సంగతీ దాచను.

గూడు

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన ఏడాది నేను ఆళ్ళగడ్డలో మా నాయన కొలిమి వదిలిపెట్టి నంద్యాల వచ్చాను. రామలింగం మేస్త్రీ షెడ్డులో గ్యాస్ వెల్డింగు నేర్చుకోవడానికి చేరాను. మా నాయన కమ్మరి. బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేయడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు పేరుంది. కొడుకు సమ్మెట వదిలి మంట గొట్టం పట్టుకుంటానంటే ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు బస్సెక్కించాడు.

అప్పట్లో కాస్త కలిగిన రైతులు యుద్ధంలో వాడి వదిలేసిన జీపులను వేలంలో కొని తెచ్చేవాళ్ళు. ఎడమ పక్క స్టీరింగు, పైన గుడ్డ టాపు. వాటిలో పొలాలకు పోయేవాళ్ళు, అహోబిలం వైపు అడవి బాటల్లో తిరిగేవాళ్ళు. మా రేగడి సంగతి తెలిసిందే కదా. ఎండితే రాయి, తడిస్తే బంక. తడిసిన కాలవ గట్టు మీద ఒక చక్రం జారితే జీపు పక్కకు ఒరిగి బోర్లపడుతుంది. అప్పుడు గుడ్డ టాపు ఎవరినీ కాపాడదు. అందుకని కూర్చున్నవాళ్ళ నెత్తి మీదుగా ఇనుప చట్రం కట్టమని అడగడం మొదలుపెట్టారు. పుస్తకాల్లో దానికి ఏం పేరుందో మాకు తెలియదు. మేం గూడు అనేవాళ్ళం.

గూడు కట్టడం ఎవరూ మాకు నేర్పలేదు. చూసి కట్టడానికి ముందొక గూడు లేదు. అందుకే తప్పులన్నీ మేమే చేశాం.

నా మొదటి గూడు

ఆ తప్పుల్లో పెద్దది నాది. అడవి కలప పని చూసే ఒకాయన జీపుకు గూడు కావాలన్నాడు. ఆ జీపు డ్రైవరు దస్తగిరి. నా ఈడువాడే, తలపాగా లేకుండా బయట కనపడేవాడు కాదు, అడ్డమైన దారిలోనూ పాట పాడుకుంటూ బండి నడిపేవాడు. నేను నీళ్ళ గొట్టం ఎంచుకున్నాను. ఎందుకో చెప్పనా? తళతళ మెరుస్తోంది కాబట్టి. బజారులో సులభంగా దొరికింది కాబట్టి. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

ఆ గొట్టం మీద తుప్పు పట్టకుండా పూత ఉంటుంది. మంట తగిలితే అది కాలి తెల్లటి పొగ వస్తుంది. ఆ సాయంత్రం నాకు చలిజ్వరం వచ్చింది. పొగ వల్లనేనని కూడా నాకు తెలియలేదు. పూత గీకకుండా అతికితే అతుకు లోపల బుడగలు నిలిచిపోతాయి. అదీ తెలియదు. గొట్టంలో ఇసుక కూరకుండానే వంచాను, మూలల్లో అది సొట్టపడి నొక్కుకుపోయింది. పైన రంగు కొట్టి, ఎంత బాగుందో అనుకున్నాను.

నెల తిరగలేదు. కాలవ గట్టు మీద జీపు చాలా మెల్లగా, నడిచే మనిషంత మెల్లగా పోతూ ఒరిగింది. గూడు సరిగ్గా నేను వంచిన మూలలోనే మడతపడి దస్తగిరి ఎడమ భుజం మీద కూర్చుంది. ఎముక అతుక్కుంది గానీ ఆ భుజం ఎప్పటికీ కిందికే ఉండిపోయింది. నేను ఆస్పత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. వాడే అన్నాడు.

"ఏందన్నా అట్ల నిలబడినావు? కూచో. ఈ తూరి కట్టేటప్పుడు నన్ను పిలువు. ఇనుము నేను గూడా చూస్తా."

నన్ను తిట్టి ఉంటే నాకు అంత సిగ్గు వేసేది కాదు.

వాయించి చూడడం చాలదు

తర్వాత ఏడాదిన్నర నేను దొరికిన ఇనుమునల్లా పాడు చేశాను. మేస్త్రీ సణిగేవాడు, నేను వినేవాడిని కాదు. ఆ పాడుపని వల్ల తెలిసింది ఇంతే.

పోత ఇనుము దగ్గరికి పోవద్దు. చూడ్డానికి ఏనుగు కాలంత ఉంటుంది, దెబ్బ తగిలితే కుండలా పగులుతుంది. లోపల బోలు లేని నిండు కడ్డీ వేయమని రైతులు అడుగుతారు, బరువుంటేనే బలమని వాళ్ళ లెక్క. అంత బరువు నెత్తిన పెడితే, బోర్లపడని జీపు కూడా బోర్లపడుతుంది. గడ్డి బండి మీద పైన ఇంకో నలుగురు ఎక్కితే ఏమవుతుందో ఎద్దులను అడగండి. ఎల్ అక్షరంలా ఉండే యాంగిల్ ఇనుము ఒక పక్క మొండిది, ఇంకో పక్క మెత్తనిది. మెలి పడితే నిలవదు. కావలసింది గొట్టమే. అయితే అతుకు లేని గొట్టం, మిల్లుల్లో ఆవిరి బాయిలరుకు వాడేది. అందులోనూ బాయిలరు నుంచి ఊడదీసింది వద్దు. లోపల గుంటలు పడి ఉంటుంది, బయటికి కనపడదు. ఆవిరి ముఖం చూడని కొత్తదే కావాలి.

అది మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? మా నాయన కాలంలో వాయించి మోత వినేవాళ్ళు. వినండి, తప్పులేదు. కానీ అది చాలదు. గొట్టం చివర రెండు వేళ్ళ వెడల్పు ఉంగరం కోయండి. దాగలి దిమ్మ మీద నిలబెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి అప్పడంలా అణచండి. అతుకున్న నీళ్ళ గొట్టమైతే అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. మంచి గొట్టం చీలదు, మడత దగ్గర వెంట్రుకంత గీత కూడా రాదు. ఉంగరం చీలిందా, ఆ గొట్టం ఎవరు తెచ్చినా, ఎంత మొత్తుకున్నా పక్కన పెట్టేయండి. నా వృత్తి మొత్తం ఇంతే. మిగతాదంతా ఓపిక.

బోర్లపడని బండి

రాజధాని హైదరాబాదుకు పోయిన కాలం అది. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లె నుంచి లక్ష్మిరెడ్డి అనే పెద్ద రైతు జీపు తీసుకుని షెడ్డుకు వచ్చాడు. స్టీరింగు దగ్గర దస్తగిరి. కలప పని మానేసి ఆయన దగ్గర చేరాడట. వెనక సీటులో రెండు ఇనుప పట్టాలు, చుట్ట విప్పి సాపు చేసినవి.

"ఇవి మా తాత బండి పట్టాలు" అన్నాడు రెడ్డి. "ఆ బండి మా ఇంట్లో నలభై ఏండ్లు తిరిగింది. వాగులు దాటింది, యాగంటి తిర్నాలకు పోయింది. ఒక్క తూరి గూడా బోర్లపడలా. ఆ ఇనుముకు ఆ గుణముంది. దీంతోనే గూడు కట్టు. నా జీపు గూడా బోర్లపడదు."

"బండి బోర్లపడిందో లేదో ఇనుముకేం ఎరుక రెడ్డీ?" అన్నాను.

మేస్త్రీ ముఖం మాడిపోయింది. రెడ్డి మాత్రం నవ్వాడు. "నీకు నోరెక్కువప్పా. పా, మీ నాయన్నే అడుగుదాం. ఈ పట్టాలు ఏసింది ఆయనే."

అదే జీపులో ఆళ్ళగడ్డ వెళ్ళాం. దారి పొడవునా దస్తగిరి పాడలేదు. గూడు దేనితో కడితే దాని కింద కూర్చునేది వాడే. ఒకసారి నాకేసి చూశాడు, అంతే.

మా నాయన పట్టాను చేత్తో తడిమాడు. తన చేతిపని వెంటనే గుర్తుపట్టాడు. ముఖంలో సంతోషం కనపడింది, దాచుకోలేదు. తర్వాత దాన్ని దాగలి అంచు మీద పెట్టి, మట్టి పోయేలా నీళ్ళతో కడిగి, సమ్మెట ఎత్తాడు. మూడో దెబ్బకు మేకు బెజ్జం దగ్గర పుటుక్కున పగిలింది.

"చూడు రెడ్డీ. బెజ్జాలకాడ గీతలుండాయి. రాళ్ళ మీద దొర్లి దొర్లి గట్టిపడింది, అరిగింది. ఏసింది నేనే, కాదనను. పని జేసి జేసి అలిసిపోయినోణ్ని మళ్ళా పిల్సకపోతే ఏం?"

"ఒకటి పగిలితే ఇంకోటుంది" అన్నాడు రెడ్డి.

మా నాయన సమ్మెట కింద పెట్టాడు. సొంత చేతిపనిని పదిమంది ముందు తప్పుపట్టినవాడు ఆయన. ఆ రోజు నాకు ఆయన మీద కలిగినంత గౌరవం జీవితంలో ఇంకెవరి మీదా కలగలేదు.

మేస్త్రీ మాట, నా మౌనం

నంద్యాల తిరిగి రాగానే నేను ఖరాఖండిగా చెప్పేశాను. పట్టాలతో అయితే నేను కట్టను, ఇంకొకరితో కట్టించుకోండి అని. మేస్త్రీ రెండు చేతులూ పట్టుకుని, ఒరేయ్ బ్రహ్మం, ఆ ఇంటి పని పోతే చుట్టుపక్కల పల్లెల పనంతా పోతుందిరా అన్నాడు. నేను కదల్లేదు. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. నాకు కావలసిన గొట్టం తెప్పించాడు. మూతపడిన ఒక దూది మిల్లులో వాడకుండా మిగిలిపోయిన సరుకు అది. గూడు అయిపోయాక రెడ్డితో, "మీ తాత పట్టాలు గొట్టాల లోపల దూర్చినాం రెడ్డీ, బయటికి కనపడవు" అన్నాడు.

అది అబద్ధం. పట్టాలు షెడ్డు వెనక బొగ్గు బస్తాల చాటున పడి ఉన్నాయి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. గూడు గట్టిది కదా, అబద్ధం ఎవరినేం చేస్తుంది అనుకున్నాను. అందరిలో నోటి దురుసువాణ్ణి నేను! మాట్లాడాల్సిన చోట మాత్రం మాట్లాడలేదు.

పనిలో మాత్రం దేనికీ తగ్గలేదు. దస్తగిరిని పిలిచాను, ఆస్పత్రిలో వాడు అడిగాడు కదా. వాడి ముందరే ఉంగరం కోశాను, వాడి చేతే కొట్టించాను. ఒంటి భుజంతో కొట్టాడు. చీలలేదు. ఆ అణిగిన ఉంగరాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. గొట్టంలో ఇసుక కూరి, ఎర్రగా కాల్చి, తొందర లేకుండా వంచాను. అతుకులు వాటంతట అవే చల్లారాలి. మేస్త్రీ తొందరపడి నీళ్ళు పోయబోతే బిందె లాక్కున్నాను. కాళ్ళను కింది రేకుకు కాదు, ఛాసిస్‌కే, పైనా కిందా మందపాటి ప్లేట్లు పెట్టి బోల్టులతో బిగించాను. దస్తగిరిని తలపాగాతో కూర్చోబెట్టి, తలకూ పై గొట్టానికీ జానెడు సందు ఉందని చూసుకున్నాను. మిలిటరీ వాళ్ళు వాడే కాన్వాసు పట్టీలు సీట్లకు కట్టాను.

"నేనేమన్నా ఎద్దునా కట్టెయ్యనీకి?" అన్నాడు రెడ్డి.

"మీరు కట్టుకుంటేనే నేను బండి తీస్తా" అన్నాడు దస్తగిరి.

వాన తర్వాత

మూడు నాలుగేళ్ళు ఏమీ కాలేదు. రెడ్డి ఊరూరా చెప్పుకున్నాడు, తాత ఇనుము వల్ల జీపు బోర్లపడటం లేదని. మాకు నవ్వు వచ్చేది. ఒక వానకాలం అహోబిలం దారిలో వాగు ఒడ్డు విరిగింది. జీపు ఒకటిన్నర పల్టీ కొట్టి, రాళ్ళ మీద తలకిందులుగా ఆగింది. లోపల రెడ్డి, దస్తగిరి పట్టీలకు వేలాడుతున్నారు. రెడ్డికి పెదవి చిట్లింది. దస్తగిరికి తలపాగా ఊడిపోయింది. అంతే. ఇద్దరూ పాకుతూ బయటికి వచ్చారు.

నాలుగో రోజు లారీకి కట్టి ఆ జీపును షెడ్డుకు లాక్కొచ్చారు. ముందు గొట్టం సొట్టపోయింది, ఒక్క అతుకు కూడా విడలేదు. నేను దాని కింద దూరి ఒక్కొక్క అతుకూ వేలితో తడుముతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

బయటికి వచ్చేసరికి రెడ్డి గూడుకు పూలదండ వేసి టెంకాయ కొడుతున్నాడు. పక్కనే ఇంకో జీపు ఉంది, ఆయన పెద్దకొడుకుది. అందులో ఇంకో జత పట్టాలు.

"మా తాత కాపాడినాడు మేస్త్రీ!" అన్నాడు. "ఆ బండికి పాత పట్టాలు ఇంకో జతుండె, తెచ్చినా. మావోని జీపుకు ఈ తూరి గొట్టాలు గిట్టాలు వద్దు. వట్టి పట్టాలతోనే కట్టు. లోపల కాపాడింది అదే గదా."

మేస్త్రీ నాకేసి చూసి కళ్ళతోనే వద్దన్నాడు. జీపు పక్కన నిలబడ్డ ఆ కొడుకు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తండ్రి బతికి వచ్చాడన్న సంతోషంతో నవ్వుతున్నాడు. నేను ఊరుకుంటే వాడు ఆ అరిగిన పట్టాల కింద కూర్చుని అదే వాగు దాటుతాడు. నేను కట్టనంటే ఇంకెవరో కడతారు.

షెడ్డు వెనక్కి వెళ్ళి, బొగ్గు బస్తాలు పక్కకు తోసి, తుప్పు పట్టిన పాత పట్టాలను బరబరా ఈడ్చుకొచ్చి రెడ్డి కాళ్ళ ముందు పడేశాను.

"ఇవిగో మీ తాత పట్టాలు. మీ జీపులో ఎన్నడూ పెట్టలేదు. మేస్త్రీ అబద్ధం చెప్పినాడు, నేను గమ్మునున్నా. తప్పు ఇద్దరిదీ. మిమ్మల్ని కాపాడింది మిల్లు గొట్టం. దీంతో మీ కొడుక్కు గూడు కడితే వాణ్ణి మీరే చంపుకుంటారు."

షెడ్డులో అందరూ చేతిలో పని ఆపేశారు. రెడ్డి మెడ నరాలు ఉబ్బాయి. "నాలుగేండ్లు! నాలుగేండ్లు నన్ను ఊరంతా తిప్పినారు గదరా!" అని నా చొక్కా పట్టుకున్నాడు.

దస్తగిరి మధ్యలోకి వచ్చాడు. జేబులోంచి ఏదో తీసి రెడ్డి అరచేతిలో పెట్టాడు. అణిగిపోయిన ఉంగరం.

"నాకెరికే రెడ్డీ. గొట్టంలో పట్టాలు లేవని మొదటిరోజు నుంచీ ఎరికే. గొట్టాన్ని నేనే కొట్టి చూసినా, దాంట్లో ఇసుక కూరి వంచేటప్పుడు గూడా ఆడే ఉండా. ఎరికుండబట్టే మీ జీపు స్టీరింగు పట్టుకున్నా. పట్టాలే ఏసింటే ఆ రోజే పని మానుకునేటోణ్ని."

రెడ్డి నా చొక్కా వదిలాడు. ఉంగరాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత కొత్తగా తెచ్చిన పట్టా ఒకటి తానే మోసుకొచ్చి దాగలి మీద పెట్టాడు.

"కొట్టు" అన్నాడు. "మీ నాయన కొట్టినట్లే కొట్టు."

కొట్టాను. రెండో దెబ్బకే పగిలింది. ఆయన ఆ ముక్కను తుండుగుడ్డలో చుట్టుకున్నాడు. ఉంగరాన్ని దస్తగిరికి తిరిగి ఇచ్చాడు. కొడుకు వైపు తిరిగి, నన్ను చూపిస్తూ, "ఏ గొట్టమో ఆయన్నే అడుగు. నేను మాట్లాడను" అన్నాడు. నిజంగానే ఆ తర్వాత చాలా కాలం నాతో మాట్లాడలేదు. కానీ ఆ ఇంటి జీపులన్నీ నా చేతికే వచ్చాయి.

చివరగా

ఆ వారమే మేస్త్రీ నన్ను పని మాన్పించాడు. పదిమంది ముందు యజమానిని అబద్ధాలకోరు చేసినవాణ్ణి ఎవరుంచుకుంటారు? ఆయన మీద నాకు కోపం లేదు. ఇప్పుడు అడిగినా మళ్ళీ అదే చేస్తాను. నా తప్పల్లా నాలుగేళ్ళు ఆలస్యం చేయడమే. పిల్లలూ, మీరు పెట్టుకునే ఇనుము ఎంత మంచిదైనా, అది ఏమిటో కొన్నవాడికి చెప్పకపోతే సగం పనే చేసినట్టు. వాడు దాని పేరు తప్పు చెప్పుకుంటాడు, వాడి కొడుకు ఆ పేరును నమ్మి పోతాడు.

ఆళ్ళగడ్డలో నాయన కొలిమి పక్కనే సొంత షెడ్డు వేసుకున్నాను. తెరిచిన రోజు దస్తగిరి వచ్చాడు. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడదామని నేను దారం వెతుకుతుంటే, వాడు ఒక మేకు కొట్టి తన జేబులోని ఉంగరాన్ని తగిలించాడు.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకు మొదట దాన్ని తీసి చేతికిస్తాను. తుప్పు పట్టింది. చీలలేదు.